చేప వంతు

పోద్‌స్తియెనా
సెప్టెంబర్ 14, సోమవారం

బెల్కీసాకు,

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, శుక్రవారం మునిసిపాలిటీ గోడకు ఒక నోటీసు అంటించారు. ఫోనులో అడిగితే నువ్వు "సరే నానమ్మా" అంటావు. ఆ సరే ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. కాగితం మీద పెడితే ఉన్నచోట ఉంటుంది. పైగా నా ఎడమ చెవి ఈ మధ్య ఫోనుకు పనికి రావడం లేదు.

మన యెలావా వాగు మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం కడతారట. పై మడుగు దగ్గర అడ్డుకట్ట, అక్కడినుంచి మూడు కిలోమీటర్లు నీళ్ళన్నీ పైపులో. వాగులో వదిలేది సెకనుకు ముప్ఫై ఎనిమిది లీటర్లు, ఎండాకాలంలో యెలావాలో పారేదే అంతట. దానికి "జీవ కనిష్ఠం" అని పేరు పెట్టారు. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కనిష్ఠం అర్థమైంది. జీవం ఎవరిదో రాయలేదు.

మన ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మేటలన్నీ ఆ మూడు కిలోమీటర్లలోనే ఉన్నాయని నీకు నేను చెప్పాలా? చేపల కాపలాదారు కూతురివి. ఎంత కరువులోనైనా యెలావాలో నూట యాభై లీటర్లకు తగ్గదని మీ నాన్న అనేవాడు. ఎష్రెఫ్‌కి అతిశయోక్తి అలవాటు లేదు.

ఆ సంఖ్య కింద "ఆగస్టు 3న స్థలంలో కొలిచినది" అని ఉంది. ఎవరు కొలిచారో లేదు. నువ్వు సారాయెవోలో ఇలాంటి కొలతలు తీసే ఆఫీసులోనే పని చేస్తున్నావు కాబట్టి కనుక్కుని రాయి. అక్టోబర్ 12న అందరినీ పిలిచి అభిప్రాయం అడుగుతారట. అంతకుముందే నాకు తెలియాలి.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. మీ నాన్న సమాధి మీద గడ్డి కోయించాను. రాయి ఇప్పుడే పెట్టకూడదు, ఏడాది తిరిగేదాకా నేల కుదురుకోవాలి. బస్సు డ్రైవర్ చేతికి రేగుపండ్ల పాకం సీసా ఇచ్చాను. ఖాళీ సీసా తిప్పి పంపు.

నానమ్మ

*

సారాయెవో
సెప్టెంబర్ 21

నానమ్మా,

సీసా అందింది. మూత కొంచెం వదులైంది కానీ కారలేదు.

నోటీసు సంగతి. ఇలాంటి కొలతలు నిబంధనల ప్రకారమే జరుగుతాయి. పాత వానల లెక్కలు తీసుకుంటారు, చుట్టుపక్కల వాగులతో పోలుస్తారు, ఎండాకాలంలో ఒకసారి స్థలానికి వెళ్ళి సరిచూస్తారు. ఒక్కరి చేతిలో ఉండేది కాదు. ఎవరు కొలిచారన్నది పెద్ద విషయం కాదు. ఈ వేసవి వానలు తక్కువ, నీళ్ళు అంతే ఉండొచ్చు.

మీరందరూ కలిసి ఒక అభ్యంతరం రాసి ఇవ్వండి. నీ చేతిరాత బాగుంటుంది, నువ్వే రాయి.

నీ చెవికి ఇక్కడ ఒక డాక్టర్‌ని చూశాను. నవంబర్‌లో ఖాళీ ఉందట. ఇక్కడ పొద్దున మంచు పొగ మొదలైంది. ఎదురు భవనం కనిపించదు. ఆఫీసుకి వెళ్తాను, వస్తాను. అన్నీ మామూలే.

బెల్కీసా

*

పోద్‌స్తియెనా
సెప్టెంబర్ 28

ఇంజనీరు గారికి,

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. ఎవరు కొలిచారు? మీరు వానల గురించి, చేతిరాత గురించి, నా చెవి గురించి జవాబు రాశారు. బడిలో ఇలాంటి జవాబుకి నేను సున్నా వేసేదాన్ని.

ఇక విను. గురువారం మీ కంపెనీ మనిషి వేద్రన్ ఊరికి వచ్చాడు. మేం ఆడవాళ్ళం వంతెన మీద బెంచీలు వేసుకుని కూర్చున్నాం. అతని కారు ఆగింది. దిగి, టోపీ తీసి, "బామ్మగారూ, కాస్త దారి ఇస్తారా?" అన్నాడు.

"దారి ఎక్కడికీ పోదు నాయనా, ముందు కాఫీ తాగు" అంది అవతలి గట్టు స్తోయా.

మొదటి కాఫీ తాగాడు. రెండో కాఫీతో మాట్లాడాడు. వాగుకు నష్టం ఏమీ లేదట. చేపలు పోతే కాలిఫోర్నియా జాతి ట్రౌట్ పిల్లల్ని డ్రమ్ములతో తెచ్చి వదులుతారట, అవి తొందరగా పెరుగుతాయట.

"అయితే మా మగాళ్ళను కూడా తీసుకెళ్ళి ఆ జాతివాళ్ళను తెచ్చి వదలకపోయావా?" అంది స్తోయా. "వీళ్ళు ఎదిగేసరికి మేం ముసలివాళ్ళమైపోయాం."

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. నవ్వుతూ నాతో, "మీ మనవరాలు మా దగ్గరే ఉంది కదండీ, టీచరమ్మగారూ. ఆగస్టులో ఇక్కడి కొలత ఆమే తీసింది. ఊరి పిల్ల కాబట్టి ఆమెనే పంపాం" అన్నాడు.

అతను గొంతు తగ్గించే మాట్లాడాడు. నేనూ స్తోయా తప్ప ఎవరూ వినలేదు. స్తోయా తన గిన్నెలో ఇంకో చక్కెర ముక్క వేసుకుంది. నేను మూడో కాఫీ పోశాను. మూడో కాఫీ అంటే ఇక బయల్దేరమని అతనికీ తెలిసినట్టుంది, తాగి, లేచి వెళ్ళిపోయాడు. పెంపకం ఉన్నవాడే.

నాకు ముందే అనుమానం ఉంది. నువ్వు చెబుతావేమోనని అడిగాను, అంతే. పండగకి వచ్చావు, సమాధి చూశావు, మర్నాడు పొద్దున సంచీ తగిలించుకుని వాగుకు వెళ్ళావు. తిరిగొచ్చి సొరకాయ కూరిన పిట రొట్టె తిన్నావు. నీ బూట్లు చీలమండ దాకే తడిశాయి. నువ్వు ఎప్పుడూ నిలబడే ఆ రాయి దగ్గర యెలావా ఎంత కరువులోనైనా బూటు పైనుంచి లోపలికి వస్తుంది. చూశాను, నీకే తెలిసి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

ఆ మూడు రోజులు గడ్డి మైదానాలకు నీళ్ళు తిప్పే రోజులు కదా. "మధ్యాహ్నం దాకా ఇలియా, మధ్యాహ్నం నుంచి అలియా" అని ఊరంతా అనేది దేనికి? మన ముస్లింలకు అలిజున్ పండగ, క్రైస్తవులైన స్తోయా వాళ్ళకు ఇలిన్‌దాన్, రోజు ఒకటే. మంచు ఆరాక మధ్యాహ్నం దాకా వాళ్ళ గట్టు కాలువకు నీళ్ళు, తర్వాత సాయంత్రం దాకా మన గట్టు కాలువకు. ఆ రెండు కాలువలూ నువ్వు కొలిచిన చోటికి పైనే చీలుతాయి. ఈ లోయలో పుట్టి ఆ వంతులు మరిచిపోయి, మైదానాలు తాగగా మిగిలిన నీళ్ళను కొలిచి, అదే యెలావా అని సంతకం పెట్టావు.

నాకు కోపం రావడం లేదు. రావాలి కదా అనుకుంటూ ఉన్నాను.

రాజియా నానమ్మ

*

సారాయెవో
అక్టోబర్ 5

నానమ్మా,

నేను మరిచిపోలేదు.

వంతులు నాకు తెలుసు. అందుకే పొద్దున ఏడింటికి వెళ్ళాను. సాయంత్రం నుంచి మర్నాడు మంచు ఆరేదాకా రెండు కాలువలూ మూసి ఉంటాయి, నీళ్ళన్నీ వాగులోనే ఉంటాయి, అది చేప వంతు. చేప వంతులో కొలిస్తే సరైన లెక్క వస్తుందని లెక్కవేసుకునే ఆ వేళకి వెళ్ళాను. కంపెనీలో ఇంకెవరికీ ఇది తెలియదు. నాకు తెలుసు కదా అని లోపల కాస్త గర్వం కూడా ఉండింది.

నీళ్ళు తక్కువగా ఉన్నాయి. కరువు అనుకున్నాను. పైకి నడిచి తూములు చూడలేదు. చూడాల్సిన అవసరమే తోచలేదు. ఎందుకంటే ప్రతి ఏడూ సూర్యుడు కొండ దిగగానే నీళ్ళతో తిరిగే పిండి మర పైనున్న బల్లరాతి మీద నిలబడి నాన్న పిలుస్తాడు, "ఇక చేపకి వదలండర్రా" అని. పిలవగానే రెండు గట్లవాళ్ళూ తూములు దించేస్తారు. ముందు రోజు సాయంత్రం నాన్న పిలిచే ఉంటాడని అనుకున్నాను.

అలా అని మనసులో అనుకోలేదు నానమ్మా. లెక్కలో అలా ఉంది. ఆ ముందు రోజు మధ్యాహ్నమే ఆయన సమాధి మీద నీళ్ళు చల్లాను. మర్నాడు పొద్దున ఆయన తూములు మూయించి ఉంటాడన్న లెక్కతో వాగులో దిగాను.

నీ రెండో ఉత్తరం వచ్చేదాకా నాకు ఇది తెలియలేదు. చదివి కాసేపు వంటగదిలో నిలబడ్డాను. తర్వాత గిన్నెలు కడిగాను. మార్చిలో నాన్న పోయినప్పటి నుంచి నాకు ఇలాగే ఉంది, అద్దం అవతల ఎవరో పని చేస్తుంటే ఇవతల నుంచి చూస్తున్నట్టు. చేతులు అన్నీ సరిగానే చేస్తాయి.

కొలత తప్పని నేను రాసిస్తే ఉద్యోగం పోతుంది. అంతటితో అయిపోదు, ఈ వృత్తిలో నా కొలతను ఇంకెవరూ నమ్మరు. 12వ తేదీన నా పేరు ఎత్తకు. అది ఒక్కటే అడుగుతున్నాను.

బెల్కీసా

*

పోద్‌స్తియెనా
అక్టోబర్ 14

బెల్కీసా,

నీ ఉత్తరం చదివాను. మడిచి పెట్టాను. దానికి జవాబు ఇప్పుడు రాయలేను, జరిగింది మాత్రం రాస్తాను.

ఈ ఏడు ఎవరూ పిలవలేదు. మూడు సాయంత్రాలూ తూములు తెరిచే ఉన్నాయి, తెల్లారేదాకా. స్తోయాని అడిగాను. నేను పిలుస్తానని అనుకుందట. స్తోయా పిలుస్తుందని నేను అనుకున్నానని చెప్పాను. అప్పుడు స్తోయా, "ఎందుకు టీచరమ్మా ఈ వయసులో అబద్ధాలు" అంది. నిజమే. ఆమె తన గుమ్మంలో, నేను నా గుమ్మంలో, ఇద్దరం వింటూ కూర్చున్నాం.

12న మునిసిపాలిటీకి వెళ్ళాం. నేను లేచి, కొలిచిన రోజు కాలువలు తెరిచి ఉన్నాయని, అది చేప వంతు లేని రోజని, కాబట్టి ఆ సంఖ్య చెల్లదని చెప్పాను.

"చేప వంతా?" అన్నాడు అధ్యక్షుడు. "దానికి ఏదైనా పత్రం ఉందా టీచరమ్మగారూ?"

"నీ పెళ్ళికి పత్రం ఉందిగా, అది నిలిచిందా?" అంది స్తోయా వెనక నుంచి.

హాలంతా నవ్వింది. అతను నా దగ్గర నాలుగో తరగతి చదివాడు, అప్పుడూ ఇలాగే చెవులు ఎర్రబడేవి. చివరికి చెప్పిందేమంటే, ఊరివాళ్ళ మాట చాలదు. కొత్త కొలత చూపించాలి, లేదా పాత కొలత తీసినవాళ్ళే అది తప్పని రాసివ్వాలి. నవంబర్ 30 గడువు. ఆ లోపు ఏదీ రాకపోతే సంతకాలు అయిపోతాయి, వసంతంలో పైపులు దిగుతాయి.

"తీసింది ఎవరు?" అని ఒకరు అడిగారు. వేద్రన్ కాగితాలు సర్దుకున్నాడు. స్తోయా నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. నీ పేరు ఎత్తలేదు. ఎత్తనని నీకు మాటివ్వలేదు, అయినా ఎత్తలేదు.

కొండ మీద మొదటి మంచు పడింది. ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను.

నానమ్మ

*

సారాయెవో
అక్టోబర్ 30

నానమ్మా,

ఒక దారి దొరికింది.

నవంబర్ 8, ఆదివారం నేను వస్తాను. ఆగస్టులో తెరిచినట్టే రెండు తూములూ తెరుద్దాం. ఒక్కో కాలువ ఎంత నీళ్ళు లాగుతుందో కొలుస్తాను. కాలువలు మారలేదు, వాటి వెడల్పు అదే, వాలు అదే. అవి లాగిన నీళ్ళను ముప్ఫై ఎనిమిదికి కలిపితే అసలు లెక్క బయటపడుతుంది. అది కొత్త కొలత అవుతుంది, గడువు లోపే ఇవ్వొచ్చు. పాతది తప్పని ఎవరూ రాసివ్వక్కర్లేదు. వేద్రన్‌తో పేర్లు చెప్పకుండా మాట్లాడాను, "అదనపు సమాచారం" కింద ఒప్పుకోవచ్చు అన్నాడు.

సగం పూట పని, అంతే. స్తోయా పిన్నికి చెప్పి వాళ్ళ గట్టు తూము ఎత్తే పలక సిద్ధం చేయించు. తొడల దాకా వచ్చే నాన్న బూట్లు అటక మీద ఉన్నాయా? నావి చిరిగాయి.

ఈ వారం నిద్ర పట్టింది.

బెల్కీసా

*

పోద్‌స్తియెనా
నవంబర్ 4

పిల్లా,

తూములు తెరవను.

నీ ఉత్తరం రాగానే నేనూ స్తోయా మర కింది రేవుకు వెళ్ళాం. నేను కర్ర పట్టుకుని, ఆమె నన్ను పట్టుకుని. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆడ చేపలు దిగాయి. పక్కకు పడుకుని తోకతో గులకరాళ్ళను కొడుతున్నాయి, కొట్టిన చోట రాళ్ళు తెల్లగా తేలుతున్నాయి. ఒక గుంటలో పెట్టడం అయిపోయింది, పైన రాళ్ళు కప్పి పోయింది. మగది ఇంకా అక్కడే తిరుగుతోంది, ఒంటి మీద ఎర్ర చుక్కలతో. నీ చిటికెన వేలు మునిగేంత నీళ్ళలో ఉన్నాయి ఆ గుంటలు. మీ నాన్న ఈ నెలలో పశువుల్ని కూడా రేవు దాటనిచ్చేవాడు కాదు.

సగం పూట అంటున్నావు. ఆ రేవు ఆరడానికి సగం పూట అక్కర్లేదు. ఈ రోజుల్లో గాలి తగిలితే గడ్డకట్టుకుపోతాయి. గుడ్లు బతకాలని నిరూపించడానికి గుడ్లను ఆరబెడతామా? ఇది నీకు తెలియనిది కాదు. తెలిసీ ఆ దారి వెతికావు, ఎందుకు వెతికావో నాకు అర్థమైంది. తప్పు పట్టడం లేదు.

"ఏం టీచరమ్మా, పిల్ల వస్తుందా?" అని అడిగింది స్తోయా, తిరిగొస్తూ.

"రావడానికి బూట్లు కావాలట" అన్నాను.

"బూట్లదేముంది. మా ఇంట్లో నాలుగు జతలున్నాయి, వేసుకుని వాగులో దిగే కాళ్ళే లేవు" అంది.

ఆ రోజు కాలువలు తెరిచి ఉన్నాయని ఊరంతటికీ తెలుసు. కానీ ఆ నీళ్ళలో నిలబడి కొలిచింది నువ్వు ఒక్కతివే. కొలత మీద సాక్ష్యం కొలిచినవాళ్ళదే. నేను నిన్ను అడగను. సెప్టెంబర్‌లో ఒకసారి అడిగాను, ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం నాకు బడిలో కూడా లేదు.

బూట్లు అటక మీదే ఉన్నాయి. నూనె రాశాను.

నానమ్మ

*

సారాయెవో
నవంబర్ 19

నానమ్మా,

దీంతో పాటు ఒక నకలు పెట్టాను. అసలు మునిసిపాలిటీకి రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది. నువ్వు తప్పులు దిద్దుతావని తెలుసు, కానీ ఇక దిద్దడానికి లేదు.

"ఆగస్టు 3న యెలావా వాగులో నేను తీసిన కొలత వాగు సహజ ప్రవాహాన్ని చూపదు. ఆ సమయంలో పైనున్న రెండు సాగు కాలువలూ తెరిచి ఉన్నాయి. ఆ ఊరి ఆచారం ప్రకారం సాయంత్రం నుంచి ఉదయం దాకా అవి మూసి ఉంటాయి. మూయమని పిలిచే బాధ్యత చేపల కాపలాదారు ఎష్రెఫ్‌ది. ఆయన మార్చిలో మరణించారు. నేను ఆయన కూతుర్ని. ఆ మరణాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి ముప్ఫై ఎనిమిది లీటర్లు అన్న సంఖ్యను ఉపసంహరించుకుంటున్నాను."

వేద్రన్ నిలబడే చదివాడు. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు. "చివరి వాక్యాలు తీసేయొచ్చు కదా బెల్కీసా, పరికరం పాడైందని రాస్తే నిన్ను ఉంచగలను" అన్నాడు. పరికరం బాగానే ఉందని చెప్పాను. "అయితే పరికరం ఇచ్చేసి వెళ్ళు" అన్నాడు. గట్టిగా అనలేదు. తలుపు దాకా వచ్చి, వాళ్ళ నాన్న కూడా పోయిన ఏడాదే పోయాడని చెప్పాడు.

ఆఫీసు నుంచి గదికి నడిచే వచ్చాను. ట్రాములు తిరుగుతున్నాయి, నాకే ఎక్కబుద్ధి కాలేదు. ఏడుపు వస్తుందేమోనని దారంతా ఎదురుచూశాను. రాలేదు. కాళ్ళు మాత్రం బాగా చల్లబడ్డాయి. అది తెలిసింది.

బెల్కీసా

*

పోద్‌స్తియెనా
డిసెంబర్ 2, బుధవారం

నా బెల్కీసాకు,

నిన్న మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. దస్త్రం వెనక్కి పంపారు. ఏడాది పొడవునా, నెలనెలా కొలిచి కొత్త లెక్క తేవాలట. అప్పటిదాకా వాగులో రాయి కదపకూడదు. గెలిచామని ఊళ్ళో అంటున్నారు. గెలవలేదు, ఒక ఏడాది దొరికింది. ఏడాది అంటే యెలావాలో ఒక ఈడు చేపలు.

నీ నకలు చదివాను. దిద్దడానికేమీ లేదు. స్తోయాకు కూడా చదివి వినిపించాను. "మూయమని పిలిచే బాధ్యత" దగ్గర ఆపమంది. కాసేపయ్యాక మిగతాది చదవమంది. వెళ్ళేటప్పుడు, "సర్కారు కాగితంలో మా ఎష్రెఫ్ పేరు బాగుంది టీచరమ్మా" అని పోయింది.

అక్టోబర్‌లో నీ ఉత్తరానికి జవాబు రాయలేనన్నాను. ఇప్పుడు రాస్తున్నాను. నేను ఇప్పటికీ మూడు పళ్ళేలు పెడుతున్నాను. మీ నాన్నకు ఒకటి, నాకు ఒకటి, నువ్వు వస్తావేమోనని ఒకటి. పెట్టి, రెండు తీసేస్తున్నాను. నీ లెక్కలో ఉన్న తప్పే నా లెక్కలోనూ ఉంది. నాది ఎవరూ నోటీసుగా గోడకు అంటించలేదు, అంతే తేడా.

ఇక జరగాల్సినవి:

1. శనివారం బస్సుకు రా. గది ఖాళీ చేసి, తాళం ఇంటివాళ్ళకు ఇచ్చి రా. పాకం సీసా ఇంకా నీ దగ్గరే ఉంది, తీసుకురా.

2. ఏడాది కొలతలు నువ్వు తీయకూడదు. నీ పేరున్న కాగితాన్ని వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. విశ్వవిద్యాలయం నుంచి ఎవరినైనా పిలిపించు. వాళ్ళకు నువ్వు కొలిచిన చోటి రాయి చూపించు, తూములు చూపించు, పక్కకు నిలబడు.

3. ఏప్రిల్‌లో చేప పిల్లలు గులకరాళ్ళలోంచి పైకి వచ్చేదాకా రేవులో ట్రాక్టర్ దిగకూడదు. స్తోయా కొడుక్కి నేను చెప్పాను. నువ్వూ చెప్పు. నా మాట వింటాడు, నువ్వు చెబితే చేస్తాడు.

4. మార్చిలో మీ నాన్నకు రాయి పెట్టించాలి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, అంతే. చేప బొమ్మ వద్దు. చెక్కేవాడు దేన్ని చెక్కినా గొర్రెలా ఉంటుంది.

5. ఆగస్టులో అలిజున్ సాయంత్రం, సూర్యుడు కొండ దిగగానే, మర మీది బల్లరాతి మీద నువ్వు నిలబడాలి. స్తోయా గొంతు పగిలింది, నాది వాగు దాటదు. మీ నాన్న ఏమని పిలిచేవాడో నీకు తెలుసు. అరవనక్కర్లేదు, నిదానంగా పిలువు. ఇద్దరం గుమ్మాల్లో వింటూ ఉంటాం.

నానమ్మ